నక్కకు తొమ్మిది తోకలెందుకు?

నక్కకు తోకలెన్ని? "ఒకటే" అని మీరు ఠక్కున చెబుతారు. జంతుశాస్త్రం పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు వేస్తారు. కాని వీడియో గేములు ఆడే కుర్రవాణ్ణి ఎవరినైనా ఇదే ప్రశ్న అడిగి చూడండి. "ఏ నక్కకు? వల్పిక్స్ అయితే ఆరు, నైన్‌టేల్స్ అయితే తొమ్మిది" అంటాడు. అంతటితో ఊరుకోడు. "ఆ తొమ్మిది తోకల్లో ఒక్కటి పట్టుకున్నా వెయ్యేళ్ళ శాపం తగులుతుంది, జాగ్రత్త!" అని హెచ్చరిస్తాడు కూడా.

మన ఊళ్ళలో ఎవరికైనా అదృష్టం కలిసివస్తే "నక్క తోక తొక్కాడు" అంటాం. అక్కడేమో తోక ముట్టుకుంటే శాపమట! అదే నక్క, అదే తోక. ఇక్కడ అదృష్టం, అక్కడ శాపం. తోకల సంగతే ఇలా ఉంటే తోకల సంఖ్య సంగతి ఎలా ఉంటుందో చూద్దాం. అందుకు జపాను దాకా వెళ్ళి రావాలి.

1996 ఫిబ్రవరి 27న జపానులో 'పోకెమాన్' అనే ఆట విడుదలయింది. గేమ్ బాయ్ అనే చిన్న యంత్రాన్ని చేతిలో పట్టుకుని ఆడే ఆట అది. దాన్ని ఊహించినాయన సతోషి తజిరి. చిన్నతనంలో పురుగుల్ని పట్టి పోగుచేసే సరదా ఆయనకు ఉండేది. ఆ సరదాయే ఆటగా మారింది. చిత్రమైన జంతువుల్ని వెతకాలి, పట్టాలి, పెంచాలి, స్నేహితులతో మార్చుకోవాలి. మొదట 151 జంతువులుండేవి. ఇప్పుడవి వెయ్యి దాటాయి. ప్రతిదానికీ ఒక వరుస సంఖ్య, ఎత్తు, బరువు, బలాబలాల పట్టిక ఉంటాయి. అంటే జంతువుల బొమ్మలతో బాటు అంకెల అడవి కూడా ఒకటి అక్కడ పెరిగిందన్నమాట.

పెద్దవాళ్ళలో చాలామంది ఇవన్నీ పిచ్చి బొమ్మలని కొట్టిపారేస్తారు. ఆడే పిల్లల్లో కొందరు దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉంటారు. ప్రతి బొమ్మలో, ప్రతి అంకెలో ఏదో రహస్యం దాగి ఉందని గుసగుసలాడతారు. ఇద్దరూ పొరబడుతున్నారని నా వాదన. కొన్ని అంకెల్లో నిజంగానే కథ ఉంది, కొన్నింట్లో లేదు. ఏది ఏదో తేల్చడం మంచి మెదడుపని. (రోజుకు ఎంతసేపు ఆడాలి, కళ్ళేమవుతాయి అన్నది వేరే తగవు. దాన్ని మీ ఇంట్లో వాళ్ళతో తేల్చుకోండి.)

ముందు నక్క దగ్గరికే వెళదాం. జపాను భాషలో ఆరును 'రొకు' అంటారు. కుక్క అరుపును మనం 'భౌ భౌ' అన్నట్టే, నక్క కూతను వాళ్ళు 'కొన్ కొన్' అంటారు. ఈ రెండూ కలిపితే 'రొకోన్'. వల్పిక్స్ అసలు పేరు అదే. తొమ్మిదికి 'క్యూ' అనే మాట ఉంది. క్యూకు కొన్ చేరిస్తే 'క్యూకోన్', అంటే నైన్‌టేల్స్. పేరులోనే తోకల లెక్క ఉంది. కాబట్టి ఆ ఆరూ తొమ్మిదీ బొమ్మ గీసేవాడి చెయ్యి జారి పడ్డవి కావు, కావాలని పెట్టినవి. మొదటి సాక్ష్యం దొరికింది గదా!

అయితే పేర్లను నమ్మడంలో కూడా కొంచెం జాగ్రత్త కావాలి. అదే ఆటలో మూడు మహాపక్షులున్నాయి: ఆర్టికూనో, జాప్‌డోస్, మోల్ట్రెస్. వీటి చివర్లు చూడండి. ఊనో, దోస్, త్రెస్. స్పానిష్ భాషలో ఒకటి, రెండు, మూడు! ఇంకేముంది, జపాను పురాణాల్లో మూడు పక్షుల రహస్యమేదో ఉందని వెతకడానికి బయలుదేరకండి. జపానులో వాటి పేర్లు ఫ్రీజర్, సండర్, ఫైర్. వాటిలో అంకెల వాసనే లేదు. ఆటను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు పెట్టిన కొత్త పేర్లలో చేరిన చమత్కారం అది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పుకుని ముందుకు పోదాం. వల్పిక్స్ నైన్‌టేల్స్‌గా మారడాన్ని ఆటలో 'పరిణామం' అంటారు. జీవశాస్త్రంలో పరిణామం ఒక జంతువుకు జరిగేది కాదు. తరతరాలుగా ఒక జాతికి జరిగేది. గొంగళిపురుగు సీతాకోకచిలుక అయినట్టు ఒకే ప్రాణి రూపం మారితే అది రూపవిక్రియ. ఆటలో ఏ పేరైనా పెట్టుకోనివ్వండి. పరీక్షలో మాత్రం అలా రాయకండి.

సరే, తొమ్మిదే ఎందుకు? ఈ నక్క పుట్టిల్లు జపాను కాదు, చైనా. 'శాన్ హై జింగ్' అనే పాత చైనా గ్రంథంలోనే తొమ్మిది తోకల నక్క ఉంది. చైనావారికి ఒంటి అంకెల్లో తొమ్మిదే పెద్దది, పైగా బేసి సంఖ్య. అందుచేత 'చాలా', 'పరాకాష్ఠ' అని చెప్పవలసిన చోట తొమ్మిదిని వాడేవారు. తొమ్మిది తోకలంటే తోకలు లెక్కపెట్టి చెప్పిన మాట కాదు, 'మహా మాయలమారి నక్క' అని చెప్పే పద్ధతి. మనం 'వెయ్యిసార్లు చెప్పాను' అన్నప్పుడు ఎవరైనా లెక్కపెడుతున్నారా?

జపానులో ఈ నక్క తమమొ-నొ-మయె అనే అందగత్తె రూపం ఎత్తిందని కథ. 12వ శతాబ్దంలో తొబా అనే చక్రవర్తి కొలువులో చేరిందట. ఆమె వచ్చినప్పటి నుంచీ ఆయనకు జబ్బు. కొలువులోని జ్యోతిష్కుడొకడు గుట్టు రట్టు చేస్తే ఆమె నక్కగా మారి పారిపోయింది, యోధులు వెంటాడి చంపారు. చిత్రమేమంటే, ఈ కథ తొలి రూపాల్లో ఆ నక్కకు రెండే తోకలు! తర్వాతి కాలపు కథకులు చైనా నక్కను తెచ్చి దీనికి అతికించారు, తోకలు తొమ్మిదయ్యాయి. తోకలు పెరిగింది నక్కకు కాదు, కథకు.

ఈ కథకు మన దేశంతో కూడా చుట్టరికం ఉంది. నన్నయగారి భారతం ఆదిపర్వంలో కల్మాషపాదుడనే రాజు కథ వస్తుంది. శాపం తగిలి నరమాంసం తినే రాక్షసుడవుతాడు. ఇతడు బౌద్ధుల కథల్లో కూడా ఉన్నాడు. బౌద్ధంతో బాటు చైనా వెళ్ళాడు, అక్కణ్ణించి జపాను వెళ్ళాడు. కల్మాషపాదుడంటే మచ్చల కాళ్ళవాడు అని అర్థం. జపానువాళ్ళు ఆ అర్థాన్నే తమ భాషలోకి తెచ్చుకుని 'హన్సొకు' అన్నారు. ఆ రాజు వెయ్యిమంది తలలు కోరడానికి కారణం అతడి పక్కన రాణి వేషంలో ఉన్న నక్కేనని జపాను కథకులు కల్పించారు. ఇక్కడ పని అయ్యాక చైనాలో ఒక రాణిగా, ఆ తర్వాత జపానులో తమమొ-నొ-మయెగా అవతరించిందట! ఆటలో మెరిసే ఆ చిన్న బొమ్మ వెనక నన్నయగారి రాజు నిలబడి ఉన్నాడని ఎవరైనా అనుకుంటారా? పిచ్చి బొమ్మలని కొట్టిపారేసే పెద్దవాళ్ళకు నా జవాబు ఇదే.

ఇక శాపం సంగతి. చచ్చిన నక్క రాయిగా మారిందట. తొచిగి రాష్ట్రంలోని నసు అనే చోట ఆ రాయిని ఇప్పటికీ చూపిస్తారు. దాని పేరు 'సెస్షొసెకి', అంటే చంపే రాయి. దగ్గరికి వెళ్ళిన పక్షులూ చిన్న జంతువులూ చచ్చిపడేవని చెప్పుకునేవారు. ఇందులో అబద్ధం లేదు! నసు అగ్నిపర్వత ప్రాంతం. అక్కడ నేల నెర్రెల్లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వస్తుంటాయి. ఈ రెండూ గాలికన్నా బరువు. అందుచేత గాలి కదలని రోజున పల్లపు చోట్ల నేలను అంటిపెట్టుకుని పరుచుకుంటాయి. నిలువెత్తు మనిషి ముక్కు పైన ఉంటుంది, చిన్న జంతువు ముక్కు నేల దగ్గర ఉంటుంది. ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పనక్కర్లేదు. పూర్వులు చూసింది నిజమే. చెప్పుకున్న కారణం మాత్రం నక్క.

2022 మార్చిలో ఆ రాయి రెండుగా పగిలిపోయి కనిపించింది. "నక్క బయటపడింది" అని ఫోన్లలో లోకమంతా గగ్గోలు. రాతికి కొన్నేళ్ళ ముందే పగుళ్ళు వచ్చాయని అక్కడివాళ్ళకు తెలుసు. పగుళ్ళలోకి వాన నీరు దిగుతుంది, చలికి గడ్డకడుతుంది. నీరు మంచయితే పరిమాణం పెరుగుతుంది గదా! ఆ ఒత్తిడికి కొండలే బీటలు వారతాయి, ఆ రాయి ఎంత?

తొమ్మిదికి జపానులో ఇంకొక ముఖం కూడా ఉంది. ఆ భాషలో ఒక్కో అంకెకు రెండు మూడు ఉచ్చారణలున్నాయి. తొమ్మిదిని 'క్యూ' అనవచ్చు, 'కు' అని కూడా అనవచ్చు. 'కు' అంటే బాధ అనే అర్థం కూడా ఉంది. నాలుగును 'యొన్' అనవచ్చు, 'షి' అనవచ్చు. 'షి' అంటే చావు! అందుకే కొన్ని ఆసుపత్రుల్లో 4, 9 నంబర్ల గదులు ఉండవు. కారు నంబర్లలో చివర 42 గాని 49 గాని వచ్చేవి మామూలుగా ఇవ్వరు. 42ను 'షి-ని' అని చదివితే చావుకు సంబంధించిన మాటలా వినిపిస్తుంది మరి.

ఇదే అంకెల చమత్కారాన్ని సరదాకు కూడా వాడుకుంటారు. వీడియో గేములు చేసే కొనామి కంపెనీకి 573 అంటే ముద్దు. కొ అంటే 5, న అంటే 7, మి అంటే 3. నామ్కో అనే మరో కంపెనీకి 765. నిస్సాన్ కార్ల కంపెనీ పందెం కార్ల మీద 23 వేస్తుంది. ని అంటే 2, సన్ అంటే 3. ఇందులో మంత్రమేదీ లేదు, పొడుపుకథ ఉంది, అంతే.

ఇప్పుడు మన వైపు చూడండి. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా 9999 నంబరు కోసం వేలంపాటలో లక్షలు పోసేవాళ్ళున్నారు. జపానులో ఆసుపత్రి గది తలుపు మీద ఉండడానికి కూడా నోచుకోని అంకెను మనవాళ్ళు నాలుగుసార్లు వరసగా రాయించి కారుకు తగిలించుకుంటున్నారు! అంకెలో నిజంగా ఏదైనా శక్తి ఉంటే అది టోక్యోలోనూ తెనాలిలోనూ ఒకే తీరుగా పనిచేయాలి. గురుత్వాకర్షణ అలాగే పనిచేస్తుంది. మామిడిపండు తెనాలిలో కింద పడి టోక్యోలో పైకి ఎగరదు. తొమ్మిది మాత్రం ఒకచోట బాధ, ఒకచోట భోగం. అంచేత ఆ గుణం అంకెది కాదు, ఆయా భాషలదీ అలవాట్లదీ. పేరులో అక్షరాల లెక్క మార్చుకుంటే పదో తరగతి గట్టెక్కవచ్చునని ఎవరైనా మీకు చెబితే, ఏ భాషలో లెక్కపెట్టారని అడగండి.

అలాగని అంకెల వెనక అర్థం వెతకడం మానుకోమని కాదు. వెతకడంలో ఒక పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి చూపడానికి నాకు బాగా నచ్చిన జంతువు ఒకటుంది. పేరు స్పిరిటూమ్. 2006 సెప్టెంబరు 28న విడుదలైన డైమండ్, పెర్ల్ అనే పోకెమాన్ ఆటల్లో వచ్చింది. పగుళ్ళుబారిన ఒక రాతిలోంచి ఊదారంగు పొగలా పైకి వచ్చే భూతం అది. 500 ఏళ్ళ కిందట దుర్మార్గాలు చేసిన 108 ఆత్మల్ని ఆ రాతిలో బంధించారట.

నూట ఎనిమిది! ఈ సంఖ్యను మీకు ఎవరూ పరిచయం చెయ్యనక్కర్లేదు. అష్టోత్తర శతనామావళి మీ ఇంట్లో వినే ఉంటారు. జపమాలలో పూసలు 108. (ఆంబులెన్సు నంబరు కూడా 108 కదా అనకండి. ఆ సంగతి స్పిరిటూమ్‌కు తెలియదు.) ఈ సంఖ్య కూడా బౌద్ధంతో బాటు మన దేశం నుంచి ప్రయాణం కట్టింది. జపానులో ప్రతి ఏటా డిసెంబరు 31 రాత్రి బౌద్ధాలయాల్లో పెద్ద గంటను 108 సార్లు మోగిస్తారు. 107 దెబ్బలు పాత సంవత్సరంలో, చివరి దెబ్బ కొత్త సంవత్సరంలో. మనిషిని పట్టి పీడించే 108 మనోవికారాలు ఒక్కో దెబ్బకూ ఒక్కోటి వదిలిపోవాలని.

స్పిరిటూమ్ పట్టికలో 108 ఎన్నిచోట్ల ఉందో చూద్దాం. దాని బరువు 108 కిలోలు. ఆ ఆటలోని ప్రాంతీయ జాబితాలో దాని వరుస సంఖ్య 108. రక్షణ బలాలు రెండు రకాలు, రెండూ 108. ఇది కాకతాళీయమా?

లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి ప్రతి సంఖ్యకూ దాదాపు 100 విలువలు సాధ్యమనుకుందాం. అప్పుడు ఒక చోట 108 రావడానికి అవకాశం నూటికి ఒకటి. రెండు రక్షణ బలాలూ కవలపిల్లల్లాంటివి కాబట్టి వాటిని ఒక్కటిగానే లెక్కిద్దాం. బరువు, వరుస సంఖ్య, రక్షణ బలం మూడు చోట్లా 108 రావడానికి అవకాశం 100 × 100 × 100, అంటే పది లక్షల్లో ఒకటి! ఉన్న జంతువులేమో వెయ్యి చిల్లర. పైగా 108 ఆత్మలని కథ ముందే చెప్పింది. మనం తర్వాత ఏరుకున్న సంఖ్య కాదు. గోడ మీద బాణం వేసి, దిగిన చోట చుట్టూ సున్నా చుట్టి 'గురి చూశారా' అనడం ఒకటి. ముందు సున్నా గీసి అందులో మూడు బాణాలు కొట్టడం ఒకటి. ఇది రెండో రకం.

ఇక ఇటు చూడండి. ప్రాంతీయ జాబితాలో స్పిరిటూమ్ తర్వాత మూడో స్థానంలో, 111వ సంఖ్య దగ్గర, గార్‌చాంప్ అనే జంతువుంది. సొరచేపకూ డ్రాగన్‌కూ మధ్య రకం. దాని ప్రాణబలం ఎంతో తెలుసా? 108! మరి దీనికీ మనోవికారాలకూ సంబంధం ఉందా? రవ్వంత కూడా లేదు. దాని ఒంటి మీద 108 అదొక్కటే. వెయ్యి జంతువులకు తలా తొమ్మిది సంఖ్యలున్నా మొత్తం తొమ్మిది వేల సంఖ్యలవుతాయి. అంత అడవిలో 108 అక్కడక్కడ ఊరికే కనబడుతుంది. కనబడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అన్ని ప్రాంతాలకూ కలిపిన పెద్ద జాబితాలో స్పిరిటూమ్ సంఖ్య 442. దెయ్యం జంతువు, అందులో రెండు నాలుగులు, చివర 42! చావు, చావు అని సంఖ్యే చెబుతోందని మీ స్నేహితుడు గుండెలు బాదుకోవచ్చు. అతడికి అదే జాబితాలో 444 చూపించండి. వరసగా మూడు చావులు! అక్కడ ఉన్నది గబైట్. ఇందాకటి గార్‌చాంప్ పసితనానికీ పెద్దతనానికీ మధ్య రూపం. చావుతో దానికే పనీ లేదు. 443, 444, 445 ఒకే కుటుంబం కాబట్టి వరసలో నడిమిదానికి 444 పడింది. ఒకరికి పడాలి గదా!

అసలు 108కే ఎందుకింత గౌరవం? జపాను బౌద్ధులు ఇలా గుణిస్తారు: మనస్సుతో కలిపి ఇంద్రియాలు 6, ప్రతిదానికీ ఇష్టం, అయిష్టం, రెండూ కాకపోవడం అని 3, శుద్ధం, అశుద్ధం అని 2, భూత, భవిష్యత్, వర్తమానాలు 3. మొత్తం 6 × 3 × 2 × 3 = 108. మన పంచాంగం వారినడిగితే 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, 108 అంటారు. ఇంకొకరు 12 రాశులను 9 గ్రహాలతో హెచ్చవేస్తారు. చైనావారి 'వాటర్ మార్జిన్' నవలలో 108 మంది వీరులుంటారు, 36, 72 మందిగా రెండు జట్లు. ఆ కథ మొదట్లో కూడా రాతి కింద బంధించిన దయ్యాలు బయటపడతాయి. స్పిరిటూమ్‌ను ఊహించినవారికి అది తట్టే ఉంటుందని నా అనుమానం.

ఇన్ని వివరణలు ఎలా కుదిరాయి? కాగితం తీసి 108ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు రాయండి: 1, 2, 3, 4, 6, 9, 12, 18, 27, 36, 54, 108. పన్నెండు! దాని అటూ ఇటూ ఉన్న 107నూ 109నూ భాగించి చూడండి. రెండూ ప్రధాన సంఖ్యలు, ఒక్క ముక్క కూడా ఊడదు. 107ను ఎన్ని రకాలుగా గుణించి ఎన్ని కథలు చెప్పగలరు? ఎవరి కథనైనా ఇముడ్చుకోగల సంఖ్య కాబట్టే 108 ఇన్ని దేశాల్లో నిలబడింది. ఈ గుణం మాత్రం నిజంగా అంకెదే. టోక్యోలోనూ తెనాలిలోనూ 108కి కారణాంకాలు పన్నెండే.

కథతో సంబంధం లేకుండా యంత్రం నుంచి పుట్టే అంకెలు కూడా ఈ ఆటల్లో ఉన్నాయి. 1999లో వచ్చిన బ్లిస్సీ అనే జంతువు ప్రాణబలం 255. ఏ పురాణంలో వెతికినా ఈ 255 దొరకదు. కంప్యూటరు జ్ఞాపకంలో ఒక బైటు అంటే ఎనిమిది స్విచ్చుల వరస అనుకోండి. ఒక్కో స్విచ్చి వేసి ఉండవచ్చు, తీసి ఉండవచ్చు. ఎనిమిది స్విచ్చులతో 2ను ఎనిమిదిసార్లు హెచ్చవేసినన్ని, అంటే 256 అమరికలు. సున్నాతో మొదలుపెడితే ఆఖరుది 255. పాత్ర నిండింది, అంతే.

మొదటి ఆటలోని 151 ఇంకా తమాషా. 151వ జంతువు మ్యూ. దాన్ని చిట్టచివరన చేర్చారు. తప్పులు పట్టడానికి పెట్టుకున్న ప్రోగ్రాము ముక్కలను పని అయ్యాక తీసేస్తే, 300 బైట్ల జాగా మిగిలింది. షిగెకి మొరిమొతో అనే ప్రోగ్రామరు ఆ సందులో మ్యూను ఇరికించాడు. బస్సులో మూడో మనిషి "కాస్త జరగండి" అని కూర్చున్నట్టు! ఈ 300 బైట్ల జాగా తెలియనివాడు 151 ప్రధాన సంఖ్య గదా, అందులో ఏ తత్వం దాగి ఉందోనని తలబద్దలు కొట్టుకుంటాడు.

ఇంకొక అంకె ఉంది, అది ఎటూ తేలదు. స్పిరిటూమ్ కావాలంటే ఆటలోని భూగర్భ మార్గాల్లో 32 సార్లు ఇతర ఆటగాళ్ళను పలకరించాలి. బుద్ధుడికి 32 మహాపురుష లక్షణాలున్నాయని బౌద్ధులు చెబుతారు. 2ను ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చేదీ 32. ఒకవైపు బుద్ధుడు, ఒకవైపు కంప్యూటరు! ఇక్కడ ఒకే బాణం ఉంది, కాబట్టి పందెం కాయకూడదు. నేనైతే కంప్యూటరు వైపే మొగ్గుతాను.

జపాను కథల్లోంచి ఆటల్లోకి వచ్చినవి ఇంకా చాలా ఉన్నాయి. భూమి కింద ఉండి భూకంపాలు తెప్పించే పెద్ద జెల్ల చేప, కలల్ని తినే బకు, పొడుగు ముక్కు తెంగు, మంచుకన్య యుకి-ఒన్న. ప్రతిదానికీ ఓ పోకెమాన్ ఉంది. 1988 నాటి మూడో మారియో ఆటలో మారియో వేసుకునే తనుకి దుస్తు కూడా ఇదే కోవది. తనుకి కుక్క జాతికే చెందిన నిజమైన జంతువు. ఆకు నెత్తిన పెట్టుకుని రూపాలు మారుస్తుందని అక్కడి పల్లెల నమ్మకం. వీటి గురించి ఇంకోసారి చెప్పుకోవచ్చు. ఒక్క అంకె మాత్రం మిగిలిపోయింది: 99.

జపానువాళ్ళ పాత కథల ప్రకారం గొడుగు, దీపం, టీ కెటిల్ లాంటి వస్తువులకు నూరేళ్ళు నిండితే ప్రాణం వస్తుంది. ఇన్నాళ్ళూ తమను ఎలా చూశారో గుర్తుపెట్టుకుని అల్లరి మొదలుపెడతాయి. వీటికి 'త్సుకుమొగమి' అని పేరు. పోకెమాన్‌లో పారేసిన బొమ్మ లోంచి పుట్టి, తనను పారేసిన పిల్లవాడి కోసం వెతుక్కునే బానెట్, పాత టీ కప్పులో కాపురముండే సినిస్టీ ఈ వంశంవే. పేరులోని 'త్సుకుమొ'ను 99 అనే అంకెలతో రాస్తారు. తెల్లజుట్టు ముసలితనాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు. ఎందుకంటే జపాను లిపిలో 'నూరు' అనే అక్షరం నెత్తిన ఒక అడ్డగీత ఉంటుంది. ఆ అడ్డగీతే 'ఒకటి' అనే అక్షరం. దాన్ని తీసేయండి. మిగిలేది 'తెలుపు' అనే అక్షరం. నూరులో ఒకటి తీస్తే తొంభైతొమ్మిది, తొంభైతొమ్మిదికి జుట్టు తెలుపు! ఇది ఒక కవి చేసినా, ఒక లెక్కల మాస్టారు చేసినా నేను చప్పట్లు కొడతాను.

నూరు నిండితే ముప్పు గనుక, ఇంటివాళ్ళు ఆ ముందటి ఏడాదే పాత సామాను వీధిలో పారేసేవారట. మొట్టమొదటి గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపానులో అమ్మకానికి వచ్చింది. దానికి నూరేళ్ళు ఎప్పుడు నిండుతాయో, ఎవరి దగ్గరైనా అది భద్రంగా ఉంటే ఏ సంవత్సరంలోగా పారెయ్యాలో మీరే లెక్క కట్టండి. అప్పటికి మీ వయస్సు ఎంతో కూడా పక్కన రాసుకోండి.